ఎనిమిది రెట్లు చాలు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా బడికి ఏదైనా ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. మంచినీళ్ళ యంత్రం ఒక బ్యాచ్ వాళ్ళు తీసుకున్నారు. బెంచీలు ఇంకో బ్యాచ్ వాళ్ళు తీసుకున్నారు. పిల్లల ప్రకృతి క్లబ్బుకు బైనాక్యులర్స్ కొనిద్దామని మా బ్యాచ్ ముందుకొచ్చింది. డబ్బు కూడా పోగయింది. చిక్కల్లా ఆ తర్వాతే వచ్చింది. మావాళ్ళలో సగం మంది "ఇచ్చేది ఒక్కటైనా భారీగా ఉండాల, చూస్తే కళ్ళు చెదరాల" అంటారు. తక్కిన సగం "చిన్నవైనా సరే, పదిమంది చేతుల్లో పడాల" అంటారు. బ్యాంకు నుంచి రిటైరైన కాడి నుంచి మెడలో బైనాక్యులర్స్ వేసుకుని చెరువు కట్టల మీద తిరిగేవాణ్ణి గనక తీర్పు చెప్పమని నన్ను నిలబెట్టారు. నేను రెండో పక్షం. ఎందుకో చెప్తాను. మీలో ఎవరైనా ఇంట్లోకి ఒకటి కొనుక్కోవాలన్నా, మనవళ్ళకు కొనివ్వాలన్నా ఈ మాటలు పనికొస్తాయి.

ముందు ఒక సందేహం తీర్చాలి. "అనంతపురంలో చూసేదానికి ఏముందప్పా?" అని నన్ను చాలామంది అడిగారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల మనది. అడవి అంటే ముళ్ళకంప, కొండ అంటే బండరాళ్ళు, ఏరు అంటే ఇసుక. నిజమే. కానీ అడ్డంగా చెట్టూ చేమా లేని నేల మీద చూపు ఎంత దూరమైనా పోతుంది. ఉరవకొండ, వజ్రకరూరు వైపు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకల మందలు తిరుగుతాయి. మన రాష్ట్ర జంతువు అదే. శెనక్కాయ చేలో పడి మేస్తాయని రైతు తిట్టుకునేదీ వాటినే. మనిషి దగ్గరికి పోతే అవి నిలవవు. 400 మీటర్ల దూరంలో నిలబడిన మందను ఎనిమిది రెట్ల అద్దంలో చూస్తే 50 మీటర్లలో ఉన్నట్టు కనబడుతుంది. మెలితిరిగిన కొమ్ములున్న మగది ఏది, లేత గోధుమరంగు ఆడవి ఎన్ని, పిల్లలెన్ని, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. వాటిని బెదరగొట్టే పని లేదు, చేను తొక్కే పని లేదు. అడవిలో కొమ్మల చాటున చూసేవాళ్ళకు లేని సౌకర్యం మనకుంది.

ఇక అసలు విషయం. బైనాక్యులర్స్ మీద రెండు అంకెలుంటాయి. 8×25, 8×32, 10×42 ఇట్లా. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెప్తుంది. రెండోది ముందున్న పెద్ద అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఈ రెండు తెలిస్తే సగం చదువు అయిపోయినట్టే.

అందరూ తప్పుదోవ పట్టేది మొదటి అంకె దగ్గరే. ఎక్కువ రెట్లుంటే మంచిదనుకుంటారు. మనం నిక్షేపంగా నిలబడ్డామనుకుంటాం గానీ చెయ్యి ఎప్పుడూ కాస్త వణుకుతూనే ఉంటుంది. పది రెట్ల అద్దం ఆ వణుకును కూడా పది రెట్లు చేసి చూపిస్తుంది. పైగా మనది గాలి దేశం. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆషాఢంలో చెరువు కట్ట మీద నిలబడితే గొడుగే నిలవదు, పది రెట్ల అద్దం ఏం నిలుస్తుంది? రెండోది ఎండ. మన దగ్గర పొద్దున తొమ్మిది, పది దాటితే నేల వేడెక్కి, పైన గాలి అలలలలుగా లేస్తుంది. రోడ్డు మీద దూరంగా నీళ్ళున్నట్టు కనబడేది ఆ వేడి గాలే. రెట్లు పెంచితే జింకతో పాటు ఆ అలలు కూడా పెరుగుతాయి. వివరం పెరగదు. దానికి మందు ఇంకా పెద్ద అద్దం కాదు, ఇంకా పొద్దున్నే లేవడం.

మూడో సంగతి చూపు వైశాల్యం. మామూలుగా ఎనిమిది రెట్ల రకంలో 1000 మీటర్ల దూరాన 110 నుంచి 130 మీటర్ల వెడల్పు కనబడుతుంది. చిన్నసైజు పది రెట్ల రకంలో అది వంద మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కొత్తగా పట్టుకున్న పిల్లవాడికి ముందు పిట్ట అద్దంలోకి దొరకాలి. దొరక్కముందే అది ఎగిరిపోతే ఎన్ని రెట్లుండి ఏం లాభం? అందుకే ఎనిమిది చాలు అంటాను. సంత దుకాణాల్లో "50 రెట్లు", "100 రెట్లు" అని అచ్చేసిన డబ్బాలు కనబడతాయి. చేత్తో పట్టుకునే దానిలో ఆ అంకెలు ఉత్త మాటలే. రెట్లు పెంచుకునే జూమ్ రకాల జోలికి కూడా పోవద్దు. జూమ్ పెంచేకొద్దీ చూపు ఇరుకై, బొమ్మ మసకబారుతుంది.

ఇప్పుడు రెండో అంకె. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగించండి. 25ని 8తో భాగిస్తే 3.1. కంటి వైపు నుంచి బయటికొచ్చే వెలుగు కడ్డీ అన్ని మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. మన కంటిపాప మంచి ఎండలో రెండు, మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకట్లో వయసు పిల్లలకు ఏడు దాకా తెరుచుకుంటుంది. మన వయసువాళ్ళకు ఐదు దాటితే గొప్ప. అంటే పట్టపగలు 8×25 ఇచ్చే వెలుగును మించి మన కన్ను తీసుకోలేదు. ఆ వేళ 42 మిల్లీమీటర్ల పెద్దదాన్ని మోసినా, అదనంగా వచ్చే వెలుగు కంటిపాప చుట్టూ పడి వృథా పోతుంది. మబ్బు పట్టని ఆకాశం మనకు ఏడాదిలో ఎక్కువ రోజులుంటుంది. కరువు సీమ అయినందుకు ఈ ఒక్క విషయంలో మనకు కలిసొచ్చింది: చిన్న అద్దంతో గడిచిపోతుంది.

అట్లని చిన్నది అన్నింటికీ సరిపోతుందని నేననను. తెల్లారుజామున, పొద్దు గూకే వేళ 8×25 మసగ్గా ఉంటుంది. అప్పుడు 32 మిల్లీమీటర్లది 25 దానికంటే ఒకటిన్నర రెట్లకు పైగా వెలుగు పోగుచేస్తుంది. వేళ్ళకు పట్టు కూడా బాగా దొరుకుతుంది. ఇక బరువు. 8×25 సుమారు 300 గ్రాములు. 8×32 అర్ధకిలోకు అటూ ఇటూ. 8×42 అయితే 650, 700 గ్రాములు. ముప్పావు కిలో దాన్ని మొదటి వారం సంబరంగా మెడలో వేసుకుంటాం. రెండో వారం మెడ నొప్పి అంటాం. మూడో వారం నుంచి అది బీరువాలో ఉంటుంది, పిట్ట చెట్టు మీద ఉంటుంది. చొక్కా జేబులో పట్టేదయితే పాలకు పోయినా, చేనుకు పోయినా మనతో వస్తుంది.

బైనాక్యులర్స్ లోపల గాజు దిమ్మెలుంటాయి. వాటినే ప్రిజమ్‌లంటారు. అవి లేకపోతే బొమ్మ తలకిందులుగా కనబడుతుంది. ఇటలీకి చెందిన పోరో అనే ఆయన 1854లో ఈ అమరికకు పేటెంట్ తీసుకున్నాడు. 1894లో జర్మనీలోని జైస్ కంపెనీ దాంతో బైనాక్యులర్స్ చేసి అమ్మకానికి పెట్టింది. పాత సినిమాల్లో మిలిటరీవాళ్ళ దగ్గర కనబడే మెట్లు మెట్లుగా వంగినవి పోరో రకం. గొట్టాలు నిటారుగా ఉండే సన్నవి రూఫ్ రకం. తక్కువ ధరలో పోరో రకమే బొమ్మ బాగా చూపిస్తుంది, ఎందుకంటే రూఫ్ రకం ప్రిజమ్‌ను కచ్చితంగా చెయ్యడం ఖర్చుతో కూడిన పని. కానీ రెండు చోట్ల మడతపెట్టే చిన్నవన్నీ రూఫ్ రకమే. పిల్లల విషయంలో నేను ఈ మడత రకం వైపే మొగ్గుతాను. కారణం వాళ్ళ మొహం. పిల్లల కళ్ళ మధ్య దూరం తక్కువ. పెద్ద బైనాక్యులర్స్‌ను ఎంత దగ్గరికి నొక్కినా చాలా వాటిలో 56 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. ఆరో తరగతి పిల్ల ఒక కన్ను మూసి చూస్తుంటే అల్లరి అనుకోవద్దు. రెండు గొట్టాలూ ఆమె కళ్ళకు అందడం లేదని అర్థం. మడత రకం ఇంకా దగ్గరికి వస్తుంది.

కళ్ళ మాట వచ్చింది గనక నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్పాలి. రెండేళ్ళ కిందట మార్చిలో ఎనిమిదో తరగతి పిల్లల్ని చిలమత్తూరు మండలం వీరాపురం తీసుకుపోయాం. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏటా చలికాలం చివర ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊళ్ళోని చింతచెట్ల మీదికొచ్చి గూళ్ళు పెడతాయి. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరేదాకా ఉంటాయి. ఊరివాళ్ళు వాటిని కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతుళ్ళలాగా చూసుకుంటారు. ఒక ఆడపిల్ల చేతికి బైనాక్యులర్స్ ఇస్తే తిరిగి ఇవ్వదు! "సార్, కొంగ కాలికి గెణుపుంది, ముక్కు కొన కిందికి వంగింది" అని ఒకటే చెప్తోంది. ఆమె తర్వాత తీసుకున్న వాళ్ళందరూ "మసగ్గా ఉంది సార్" అని చక్రం తిప్పుకోవాల్సి వచ్చింది. అనుమానం వచ్చి అడిగాను, "అద్దం లేకుండా చెట్టు మీద ఏం కనబడుతోంది తల్లీ?" అని. "తెల్లగుడ్డలు ఆరేసినట్టుంది సార్" అంది. ఆ పిల్లకు దూరపు చూపు లేదు. బడిలో బోర్డు మీద రాసింది కనబడక పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుంటోందట. అద్దాల అవసరం ఉందని ఇంట్లోనూ ఎవరికీ తెలియదు. తర్వాత వారం పరీక్ష చేయిస్తే మైనస్ మూడు చిల్లర వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు. హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళు చక్రం తిప్పుకుంటే బైనాక్యులర్సే వాళ్ళ కళ్ళద్దం పని చేస్తుంది. అందుకే చేతులు మారినప్పుడు ఏ పిల్ల చక్రాన్ని ఎక్కువ తిప్పుతోందో గమనించమని సార్లను, మేడమ్‌లను వేడుకుంటున్నాను. కుడి కంటి దగ్గర విడిగా ఇంకో చిన్న చక్రం ఉంటుంది. అది రెండు కళ్ళ మధ్య తేడాను సరిచేసేది. దాన్ని చివరిదాకా తిప్పాల్సి వస్తే ఆ పిల్ల కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. అయితే సిలిండర్ పవర్ ఉన్నవాళ్ళకు చక్రం తిప్పితే సరిపోదు, కళ్ళద్దాలు పెట్టుకునే చూడాలి. వాళ్ళ కోసం కొనేటప్పుడు ఐ రిలీఫ్ అనే అంకె చూడండి. కంటికీ గొట్టం అద్దానికీ మధ్య ఎంత ఎడముండొచ్చో అది చెప్తుంది. కళ్ళద్దాలవాళ్ళకు 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే తాళం సందులోంచి చూసినట్టుంటుంది. చాలా చిన్న రకాల్లో ఇది తక్కువే. మెలితిప్పే రబ్బరు కప్పులున్నదైతే కళ్ళద్దాలవాళ్ళు లోపలికి తిప్పుకుంటారు, లేనివాళ్ళు బయటికి లాక్కుంటారు.

అంగడికి పోయినప్పుడు చెయ్యాల్సిన పరీక్షలు చెప్తాను. పెన్నున్నవాళ్ళు రాసుకోండి.

చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, ఆకాశం వైపు పెట్టి, గొట్టాల్లో కనబడే వెలుగు చుక్కలు చూడండి. నిండు గుండ్రంగా ఉంటే మంచి గాజు. అంచులు నలుపలకలుగా తెగినట్టు నీడ పడితే తక్కువ రకం గాజు.

ట్యూబులైటు కింద ముందు అద్దాన్ని వంచి చూడండి. లైటు ప్రతిబింబం పచ్చగానో, ఊదాగానో మసకగా కనబడితే పూత ఉన్నట్టు. తెల్లగా మెరిస్తే పూత లేనట్టు. కెంపులాగా ఎర్రగా ధగధగలాడేదాన్ని చూసి మోసపోవద్దు. అది ఎరుపు వెలుగును వెనక్కి తోసేస్తుంది. ఎర్రకాళ్ళ కొంగ తోక దగ్గరి గులాబి రంగు చూడాలని పోతే అది ఆ రంగునే దొంగిలిస్తుంది.

అంగట్లోంచి బయటికొచ్చి దూరంగా ఉన్న కరెంటు తీగనో, గోపురం కలశాన్నో చూడండి. రెండు కళ్ళతో చూసినప్పుడు ఒక్కటే కనబడాలి. కాస్త జోడుగా కనబడినా, ఐదు నిమిషాలకు తల పట్టేసినా రెండు గొట్టాలూ ఒకే వరసలో లేవని అర్థం. ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

చక్రం వదులుగా ఆడకూడదు, బిగుసుకుపోకూడదు. పక్కనే ఉన్న గోడ మీద బల్లిని చూడండి. రెండు, రెండున్నర మీటర్ల దగ్గరిది కూడా స్పష్టంగా కనబడితే సీతాకోకచిలుకలకు, తూనీగలకు పనికొస్తుంది.

కొన్న తర్వాత కళ్ళకు సరిచేసుకోవడం తెలియకపోతే అంతా వృథా. ముందు గొట్టాలు కదిలించి రెండు వలయాలు ఒకటయ్యేట్టు పెట్టుకోవాలి. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం కదిలించకుండా, కుడి కంటి దగ్గరి చిన్న చక్రం తిప్పాలి. అంతే. ఇక ఎప్పుడైనా మధ్య చక్రం ఒక్కటే చాలు. పిట్టను పట్టే కిటుకు ఇంకొకటి: పిట్ట మీద నుంచి చూపు తియ్యకుండా అద్దాలను కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. తల వంచి అద్దాలను చూసుకున్నామా, పిట్ట పోయినట్టే.

పిల్లలూ, ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. బైనాక్యులర్స్‌తో సూర్యుణ్ణి చూడకూడదు. గ్రహణం నాడు కూడా చూడకూడదు. ఒక్క క్షణంలో కన్ను కాలిపోతుంది. రాత్రి చందమామను చూడండి, గుంతలు కనబడతాయి. కృత్తికలను చూడండి, మామూలు కంటికి ఆరేడు చుక్కలు కనబడేచోట చాలా ఎక్కువ కనబడతాయి.

మన దుమ్ము సంగతి మీకు తెలిసిందే. అందులో గాజును గీసే ఇసుక రేణువులుంటాయి. చొక్కా అంచుతోనో, తువ్వాలుతోనో తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊదాలి, మెత్తటి కుంచెతో దులపాలి, ఆ తర్వాతే అద్దాల గుడ్డ. కోస్తావాళ్ళకుండే బూజు బెడద మనకు తక్కువ.

వీరాపురం కొంగల్ని ఇప్పటికీ చాలామంది సైబీరియా పక్షులంటారు. అవి మన దక్షిణాసియా పక్షులే, మంచు దేశం మొహం చూసినవి కావు. మండుటెండలో తల్లి కొంగ రెక్కలు విప్పి గూటి మీద నీడ పట్టడం అద్దంలో చూసిన పిల్లకు ఎండ ఎరిగిన పక్షి ఏదో ఒకరు చెప్పనక్కర్లేదు. పెనుకొండ లాంటి రాతి గుట్టల్లో పసుపు మెడ పిగిలిపిట్ట ఉంది. 20 సెంటీమీటర్ల పిట్ట, దక్షిణాది రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని పక్కనుంచి రోజూ మేకలు తోలుకుపోయే పిల్లలకు ఆ సంగతి తెలియదు. మన పొరుగున కడప జిల్లాలో కలివి కోడిని 1848లో జెర్డన్ అనే డాక్టరు మొదట లోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతికారు నిజమే, కానీ రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టింది ఆ ఊరి వేటగాడు. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడడమే గగనమైంది. మన బీళ్ళు కూడా ఏటికేడాది దున్నబడుతున్నాయి, కంచెలు పడుతున్నాయి. ఇక్కడ ఏమేమి బతుకుతున్నాయో చూసి రాసుకునేవాళ్ళు ఊరికొకరు లేకపోతే, పోయిన సంగతి కూడా మనకు తెలియదు.

కాబట్టి తీర్పు. నలభై మంది పిల్లల తరగతికి ఒక్క పెద్దది ఇస్తే, తలా రెండు నిమిషాలు చూసినా 80 నిమిషాలు పడుతుంది. మూడో పిల్లకే పిట్ట లేచిపోతుంది. మేము విచారించిన ధరల్లో పేరున్న పెద్ద రకం ఒక్కటి మానుకుంటే చిన్నవి ఎనిమిది వస్తాయి. ఆరు మడత రకం 8×25లు పిల్లలకు. రెండు 8×32లు, ఐ రిలీఫ్ ఎక్కువున్నవి, కళ్ళద్దాల పిల్లలకు, సార్లకు, మేడమ్‌లకు. ఐదుగురికి ఒకటి. ఐదుగురైతే ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ఎవరికీ బెంగ ఉండదు.

హెడ్మాస్టరు గారికి ఒక విన్నపం. మా కాలంలో ల్యాబు బీరువాలో ఒక మైక్రోస్కోపు ఉండేది. పాడవుతుందని ఎవరికీ ఇచ్చేవారు కారు. పాడుకాకుండానే అది పాతదైపోయింది. ఈ ఎనిమిదింటికి తాళం వెయ్యొద్దు. ఒక రిజిస్టరు పెట్టండి, శనివారం సాయంత్రం సంతకం పెట్టించుకుని ఇంటికివ్వండి, సోమవారం తీసుకోండి. తీసుకుపోయిన పిల్ల ఏం చూసిందో అదే రిజిస్టరులో రెండు వరసలు రాయాలి. ఒకటీ అరా కిందపడి పగిలితే మా బ్యాచ్ మళ్ళీ కొనిస్తుంది. మావాళ్ళ తరఫున ఆ మాట నేనిస్తున్నాను. డబ్బు కట్టని వాళ్ళు ఇంకా నలుగురున్నారు. వాళ్ళు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. భోజనాలకు లేచే ముందు కోశాధికారిని కలవండి.

సెలవు.